ఆముదం వాసన లేని ఇంజన్

"దొంగలెత్తుకెళ్లిన నేవీ రాడార్ చిప్ హెరాల్డ్ బైకులోనే ఓడెక్కబోతోంది. కన్నేసి ఉంచు," అంది చీఫ్ గిరిజ. "ఫోటోగ్రాఫర్ వేషంలో వెరా ఉంటుంది. మన మనిషే."

అలా ఏజెంట్ బాలసుబ్రహ్మణ్యం మెకానిక్ వేషంలో హెరాల్డ్ షెడ్డులో చేరాడు. న్యూజిలాండ్‌లోని రిక్కార్టన్‌లో చదువుకునేటప్పుడు పాత కార్లు బాగుచేసిన చేతులు ఇన్నాళ్లకి అక్కరకొచ్చాయి.

హెరాల్డ్ ముసలి ఇంగ్లిష్ రేసర్. 1954 నాటి తన బ్రిటిష్ బైకుకి పోయిన భార్య పేరే పెట్టుకున్నాడు, మేబెల్ అని. ఇద్దరూ కలిసి ట్యూన్ చేసిన ఇంజన్ అది. పాతకాలం రేసర్ల పద్ధతిలో, అందులో ఆముదం తప్ప వేరే ఆయిల్ పోయనివ్వడు. ఆ వాసనకి బాలుకి నాయనమ్మ తల గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చేది. అందాల వెరా మాత్రం ఆముదం తాగిన మొహంతో గుమ్మం బయటే నిలబడేది.

2016, న్యూజిలాండ్ రేవుపట్నం టౌరంగా. చూపు తగ్గిపోతోందని డాక్టర్లు తేల్చేశారు కనుక హెరాల్డ్‌కి ఇదే ఆఖరి రేసు. అది కాగానే మేబెల్ ఇంగ్లండ్ మ్యూజియానికి ఓడెక్కుతుంది.

స్టార్ట్ లైన్ దగ్గర ఇంజన్ గర్జించింది. బాలు గాలి పీల్చాడు. ఆముదం వాసన లేదు!

నిన్న షెడ్డుకి కాపలా ఉన్నది వెరా ఒక్కతే. చిప్ దాచడానికి ట్యాంకులో ఆముదం ఒంపేసి, మామూలు ఆయిల్ పోసిందన్నమాట. లోపల మిగిలిన ఆముదంతో అది కలిస్తే ముద్దకడుతుంది. మంచి స్పీడులో ఇంజన్ పట్టేస్తుంది. మనిషి దక్కడు.

"మేడమ్, వెరా డబుల్ ఏజెంట్. చిప్ ఆయిల్ ట్యాంకులో ఉంది. రేసు ఆపేస్తున్నా," అన్నాడు ఇయర్‌పీస్‌లో గిరిజతో.

"వద్దు. పరిగెత్తనీ. పోర్టులో ముఠా మొత్తాన్ని పట్టుకుందాం."

"పెద్దాయన చచ్చిపోతాడు మేడమ్!"

"ఇది ఆర్డర్, బాలూ."

ఇయర్‌పీస్ పీకి పారేశాడు. జెండా పైకి లేచింది. అది దిగేలోపు ఉరికి, ప్లగ్ వైరు లాగేశాడు. మేబెల్ గొంతు ఆగిపోయింది. మిగతా బైకులు దూసుకుపోయాయి.

చిప్ ట్యాంకు అడుగున దొరికింది. జారుకోబోయిన వెరా గేటు దగ్గర దొరికింది. హెరాల్డ్ మాత్రం బైకు దిగలేదు.

"పోలీసువా?"

"అలాంటిదే, అంకుల్. ఇంకో నిమిషమైతే మీ ప్రాణం పోయేది."

"పోతే మేబెల్ మీదే పోయేవాణ్ని కదా, సన్. ఎందుకాపావు?"

బాలుకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ముసలాయన హెల్మెట్ తీశాడు. "ఇన్నాళ్లూ ఆముదం పోసింది కూడా డ్యూటీకేనా?"

"కాదు, అంకుల్."

"అయితే బైకు షెడ్డుకి తొయ్యి. ట్యాంకు కడగాలి."

సాయంత్రం షెడ్డులో ఉండగా గిరిజ ఫోన్ చేసింది. "చిప్ దక్కింది. నీ ఉద్యోగం దక్కలేదు. ఏం చేస్తున్నావు?"

"ఇక పరిగెత్తని ఇంజన్‌కి ఆముదం పోస్తున్నా, మేడమ్," అన్నాడు బాలు. "ఇది మాత్రం పెద్దాయన ఆర్డర్."