బీరువాలో పోయిన గొంతు

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, విడవనూ లేదు. మబ్బు ఇళ్ళ కప్పుల మీదికి వంగి, బరువు దించుకోలేని మనిషిలా ఆగిపోయింది. డిటెక్టివ్ తన గది కిటికీ దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాడు. కదలకుండా ఎంతసేపైనా నిలబడగలడు గనక జనం ఆయన్ని కొంగ అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ముఖం మీదే.

లోపలికి వచ్చినామె గొడుగు మడిచి, పట్టీ బిగించి, మూలన నిటారుగా నిలబెట్టి, అప్పుడు ఏడ్చింది.

"మా అమ్మ గొంతు పోయిందండీ!"

"డాక్టరు దగ్గరికి పోకుండా ఇక్కడికొచ్చారేం?" అన్నాడు సహాయకుడు. ఆయన ఒకప్పటి బస్సు కండక్టరు. ఉద్యోగం వదిలినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు.

"డాక్టరే తీసేశాడు."

ఆమె ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేసుకుంటుంది. తల్లికి గొంతులో పుండు లేచి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయక తప్పలేదు. అంతకుముందే కూతురు ఆమె చేత కథలు, తిట్లు, వంటింటి కేకలు అన్నీ పలికించి రికార్డు చేసింది. అవి ఇస్తే, తల్లి టైపు చేసిన మాటను తల్లి గొంతుతోనే పలికే యంత్రం చేస్తానన్నాడు ఒక ఇంజనీరు. గడువు ఈ సాయంత్రం. ఆ ఫోల్డరు ఇప్పుడు లేదు.

"రెండో కాపీ?" అన్నాడు కొంగ.

"ప్రతి శుక్రవారం బయటి హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ చేసి, బీరువాలో పెట్టి తాళం వేస్తానండీ. తాళంచెవి నా మెళ్ళోనే ఉంటుంది. మొన్న శుక్రవారం కూడా చేశాను, అంతా సవ్యంగా అయిందని తెర మీద పడింది. నిన్న చూస్తే కంప్యూటర్లోనూ లేదు, డిస్క్‌లోనూ లేదు!"

"ఎవరి మీద అనుమానం?"

ఆమె తల దించుకుంది. "తమ్ముడి మీద. ఫొటోగ్రాఫరు. తన ఫొటోలకి చోటు చాలట్లేదని ఒకటే గొడవ. శనివారం ఊరినుంచి దిగాడు, ఆదివారానికి ఇదీ సంగతి."

"అమ్మగారు కంప్యూటరు వాడతారా?"

"దాని జోలికే పోదండీ. ఏదైనా పలక మీద రాసి చూపిస్తుంది."

"కంప్యూటరు ఆన్ చెయ్యకండి. డిస్క్ తగిలించకండి," అంటూ కొంగ చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ ఇంటి ముందుగదిలో ఆమె బల్ల ఉంది. పెన్నులు పొడుగు వరసన, కాగితాలు అంచులు కలిసి ఉన్నాయి. కండక్టరు బీరువా తాళాన్ని భూతద్దంతో చూశాడు. "గీత కూడా లేదు గురువుగారూ. ఇది దెయ్యం పని."

"దెయ్యానికి ఫొటోలు అక్కర్లేదా? అవన్నీ అలాగే ఉన్నాయట," అని కొంగ కీబోర్డు మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలికి తెల్లటి పొడి అంటింది.

"ముఖానికి రాసుకునే పౌడరాండీ?"

కొంగ వేలు తుడుచుకున్నాడు. డిస్క్ కండక్టరు చేతికిచ్చి, "మన లాప్‌టాప్‌కి తగిలించి వెతుకు. దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకు," అన్నాడు.

తమ్ముడు గుమ్మంలోనే మండిపడుతున్నాడు. "చోటు కావాలంటే నా ఫొటోలే చెరుపుకుంటా. అమ్మ గొంతు చెరుపుతానా? వారమంతా కొండల్లో పెళ్ళివాళ్ళ వెంట తిరిగాను. అక్క బుర్రలో ఏదన్నా దూరితే ఏనుగుతో లాగించినా రాదు!"

తండ్రి ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. అరుగు మీద ఒంటరిగా కూర్చున్నాడు.

"ఆ రికార్డులు మీరు వినేవారా?"

ముసలాయన ఒడిలోని చేతులు చూసుకున్నాడు. "రోజూ మధ్యాహ్నం, ఆవిడ పక్కగదిలో పడుకున్నాక. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని. గురువారం చూస్తే కనబడలేదు. అమ్మాయి ఎక్కడో సర్దిందనుకున్నా. దానికి సర్దే జబ్బు."

"అడగలేదేం?"

"చాటుగా వినేవాణ్ణి, గట్టిగా ఎలా అడుగుతానండీ?"

కొంగ పక్కగదిలోకి వెళ్ళాడు. తల్లి మంచం మీద కూర్చుని ఉంది. తెరిచిన తలుపులోంచి కంప్యూటరు తెర చక్కగా కనబడుతోంది. ఆమె పలక మీద రాసింది: "దొంగ దొరికాడా?"

"దొరుకుతారమ్మా."

ఆమె అరచేత్తో పలక తుడిచేసింది.

కాసేపటికి అందరూ ముందుగదిలో చేరారు. గోడ గడియారం కేసి కూతురు మాటిమాటికీ చూస్తోంది.

"బీరువా జోలికి ఎవరూ పోలేదు," అన్నాడు కొంగ. "డిస్క్‌లోంచి ఆ గొంతుని తీసేసింది మీరేనమ్మా."

"నేనా!"

"మీరు సర్దుకునే మనిషి. కంప్యూటర్లో లేనిది డిస్క్‌లోనూ ఉండకూడదని బ్యాకప్ సెట్టింగుల్లో టిక్కు పెట్టుకున్నారు, అవునా?"

"పాత చెత్త పేరుకోకూడదని..."

"అది దాచడం కాదు, అద్దం పట్టడం. మనిషి తప్పుకుంటే అద్దంలో ఏం మిగుల్తుంది? కంప్యూటర్లో అప్పటికే పోయింది. శుక్రవారం మీ చేత్తో మీరే డిస్క్ తగిలించారు, అదీ తుడుచుకుంది. గురువారానికే పోయిందని మీ నాన్నగారు చూశారు. అప్పటికి మీ తమ్ముడు కొండల్లో ఉన్నాడు. నాన్నగారు తన అన్నంలో తాను మన్ను పోసుకోరు. ఇక మీటల మీదున్నది బలపం పొడి. ఈ ఇంట్లో బలపం పట్టుకునే చెయ్యి ఒక్కటే. మీరు ఫైళ్ళు సర్దుతుంటే అమ్మగారు ఆ మంచం మీంచి చూసి నేర్చుకున్నారు."

"అమ్మా, నువ్వా?" అన్నాడు తమ్ముడు.

తల్లి రాసింది. బలపం కిర్రుమంది. "నేనే. ఆయన రోజూ దాని దగ్గర కూర్చుని నవ్వేవారు. నా దగ్గరికొచ్చి మందేసుకున్నావా అని వెళ్ళిపోయేవారు." తుడిచి మళ్ళీ రాసింది. "అది బతికుంటే నేను చచ్చినట్టే."

అప్పుడు లాప్‌టాప్ ముందునుంచి కండక్టరు లేచాడు. "దొరికాయి గురువుగారూ, అన్నీ!"

"మొక్క కొట్టేసినా, దున్నేదాకా వేరు నేలలోనే ఉంటుంది," అన్నాడు కొంగ. "కానీ ఇది ఎవరి గొంతు? వాళ్ళనే అడగండి."

కూతురు లాప్‌టాప్ మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "రికార్డు చేసేటప్పుడు నిన్ను అడగనే లేదమ్మా. ఇప్పుడడుగుతున్నా. ఇవ్వమంటావా? వద్దంటే ఇక్కడే చెరిపేస్తా."

ముసలాయన కుర్చీ లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు. "ఎన్నిసార్లు పిలిచానో దాన్ని. ఒక్కసారీ పలకలేదే," అన్నాడు.

ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత రాసింది: "ఇంజనీరుకి ఇవ్వు. ఈయన చెవులకి మాత్రం ఇవ్వకు."

తమ్ముడు పకాలున నవ్వి, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఫైళ్ళున్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బండి మీద వెళ్ళి, గడువు దాటకముందే ఇచ్చి వచ్చాడు.

కొంగనీ కండక్టరునీ తల్లి భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. అందరికీ తనే వడ్డించి, భర్త ఎదుట కూర్చుంది. ముసలాయన ముద్ద చేతిలో పట్టుకుని ఆమె ముఖమే చూస్తున్నాడు. ఆమె ఆయన కంచం వైపు వేలు చూపించింది. ఆయన తిన్నాడు.