పది నట్లు, పసుపు గీతలు

ఆరో అంతస్తులో లిఫ్ట్ ఎక్కినప్పుడు ఆ గూఢచారి శాఖ మనిషి ఈల వేస్తున్నాడు. కింద తలుపులు తెరుచుకునేసరికి శవమై ఉన్నాడు. చేతిలోని బ్రీఫ్‌కేస్ మాయం. అందులో పరాయి దేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న పదకొండు మంది ఏజెంట్ల చిరునామాలున్నాయి.

"ఆ జాబితా సరిహద్దు దాటితే పదకొండు శవాలు లెక్కపెట్టుకోవాలి," అన్నాడు చీఫ్. "బుధవారం సాయంత్రం ఐదింటికి దాన్ని కొట్టేసిన ముఠా నల్లకారు బయల్దేరుతుంది. దౌత్య నంబర్ ప్లేటు. ఆపే అధికారం మనకి లేదు, ఊళ్ళో అందరి ముందూ అసలే కుదరదు. కొండ రోడ్డు తొమ్మిది కిలోమీటర్లు, తర్వాత సరిహద్దు గేటు. దారిలో ముందే మనుషుల్ని పెడితే పసిగట్టేస్తారు. వెనకనుంచే అందుకోవాలి."

"మన కారుకి అంత దమ్ము లేదు సార్," అన్నాడు ఏజెంట్ డేగ.

"వస్తుంది. నీ భార్యకి అప్పజెప్పాను. ఆ కారులో జాబితా ఎక్కడ దాస్తారో తెలిసిన మనిషి కూడా దొరికాడు. ముఠా నుంచి మనవైపు దూకిన డబుల్ ఏజెంట్. అప్పటిదాకా వర్క్‌షాప్‌లోనే ఉంటాడు."

డేగకి తుపాకీ అంటే భయం లేదు, ఎత్తు అంటే భయం లేదు. తన భార్య ఇంకో మగాడితో నవ్వుతూ మాట్లాడితే మాత్రం మనిషి మనిషిలా ఉండడు. డిపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి తెలియనిది చీఫ్ ఒక్కడికే.

పైకి టైర్ల కొట్టు, వెనక రహస్య వర్క్‌షాప్. దానికి డేగ భార్యే ఇన్‌చార్జి. సోమవారం డేగ ఇన్సూరెన్స్ సర్వేయర్ వేషంలో, పెట్టుడు మీసంతో లోపలికి వచ్చాడు. ఇంజన్ పక్కన ఆ డబుల్ ఏజెంట్. ఆరడుగుల పొడుగు, తెల్ల చొక్కా, గుప్పుమనే సెంటు. డేగ అప్పటికప్పుడే వాడికి సెంటు బాబు అని పేరు పెట్టేశాడు.

"మీ మీసం ఊడుతోంది," అంది భార్య. సెంటు బాబు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. డేగ మీసం పీకి జేబులో కుక్కుకున్నాడు.

"ఇంజన్లోకి గాలి తోసే టర్బో ప్రెషర్ పాయింట్ ఎనిమిది బార్ నుంచి ఒకటిన్నరకి పెంచాలి," అంది ఆమె.

"నాబ్ తిప్పేస్తే పోలా?"

"తిప్పేస్తే మొదటి మలుపులోనే పిస్టన్లు ముక్కలవుతాయి. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి, వేడి తగ్గాలి. అందుకే గట్టి పిస్టన్లు, పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద ఇంటర్‌కూలర్ వేశాను. అన్నిటికంటే ముఖ్యం ఇంజన్ మీద కూర్చునే ఈ సిలిండర్ హెడ్. లోపలి ఒత్తిడికి వెంట్రుకవాసి లేచినా గాస్కెట్ పోతుంది, నీళ్ళు ఇంజన్లో పడతాయి. పాత బోల్టులు పీకేసి పది లావు స్టడ్లు వేసి, వాటికి నట్లు బిగించాను."

ఆమెకి ఒక పద్ధతుంది. నట్టుని, సరిపడా బిగువు రాగానే టక్‌మనే టార్క్ రెంచ్‌తో బిగించగానే దాని మీద పసుపు పెయింట్ పెన్నుతో గీత పెడుతుంది. గీత ఉంటే బిగించినట్టు. గీత లేకపోతే, తన చేత్తో తనే బిగించినదైనా సరే, మళ్ళీ రెంచ్ పట్టాల్సిందే. పన్నెండేళ్ళ కాపురంలో ఆ పెన్నుని డేగ చేతికి ఒక్కసారీ ఇవ్వలేదు.

మంగళవారం ఇంజన్ నడిపి, చల్లారాక మూత తీసి, ఆమె పది నట్లూ రెండోసారి బిగించింది. డేగ వచ్చేసరికి ఆ పెన్ను సెంటు బాబు వేళ్ళ మధ్య ఉంది. ఆమె అటు తిరిగి లాప్‌టాప్ చూసుకుంటోంది. వాడు ఒక్కో నట్టు మీదా ముగ్గు పెడుతున్నట్టు గీతలు గీస్తున్నాడు.

"వాడికెందుకిచ్చావు?" వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే నిలదీశాడు.

"అడిగాడు, ఇచ్చాను. మీరెప్పుడైనా అడిగారా? నా పని ఏంటని ఒక్కరోజైనా అడిగారా?"

డేగ విసురుగా బయటికి నడిచాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండు మంది ఏజెంట్ల గురించి కాదు, ఆ పెన్ను గురించి.

బుధవారం నాలుగున్నర. ఇంజన్ మూత బిగించడమొక్కటే మిగిలింది. సెంటు బాబు కోటు తొడుక్కోవడానికి ముందు గదికి, ఆమె రబ్బరు సీలు కోసం స్టోర్‌రూమ్‌కి వెళ్ళారు. డేగ గుడ్డముక్క మీద థిన్నర్ పోసుకుని పది గీతలూ తుడిచేశాడు. వాడి చేతి గుర్తు తన కారులో ఉండకూడదు, అంతే. పని చిన్నపిల్లాడిదని తెలుసు. అయినా కళ్ళు చల్లబడ్డాయి.

తిరిగొచ్చిన భార్య అగ్గిమీద గుగ్గిలమైంది.

"మతి పోయిందా మీకు? అరగంటలో బయల్దేరాలి!"

"గీతలు నువ్వు పెట్టు."

"గీతలు కాదు, నట్లన్నీ మళ్ళీ చూడాలి! ఛీ, ఏం మనిషండీ మీరు!"

రెంచ్ అందుకుంది. మొదటి నట్టు, టక్. రెండోది, టక్. మూడోది టక్ అనలేదు. తిరిగింది. పావు చుట్టు, అర చుట్టు, ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె మొహం పాలిపోయింది. పదీ చూస్తే నాలుగు వదులు.

"ఇవి నేను బిగించాను," అంది మెల్లగా. "నేను అటు తిరిగినప్పుడు వదులు చేసి, పైన గీత పెట్టాడు. కొండ సగం ఎక్కేలోపు ఇంజన్ పోయేది."

"వాణ్ణి ఇప్పుడే..."

"వద్దు. జాబితా ఎక్కడుందో వాడికే తెలుసు. పక్కన కూర్చోబెట్టుకోండి."

నట్లన్నీ వదులు చేసి, మధ్య నుంచి చివరలకి, మూడు విడతలుగా మళ్ళీ బిగించింది. చెమట కళ్ళల్లోకి కారుతున్నా ఆగలేదు. మూత పెట్టాక డేగ వైపు చూసింది.

"మీ అనుమానం అతని మీదైతే సరే. నా మీదైతే మాత్రం కొండ దిగి వచ్చాక మాట్లాడుకుందాం."

డేగ కారు తాళాలు అందుకున్నాడు.

సరిగ్గా ఐదింటికి రేడియోలో కోడ్ వినబడింది. "పాలు పొంగాయి." నల్లకారు బయల్దేరింది. సెంటు బాబు పక్క సీట్లో కూర్చున్నాడు. డేగ యాక్సిలరేటర్ తొక్కాడు.

నాలుగో కిలోమీటర్. ఒక బార్. ఆరో కిలోమీటర్. ఒకటీ పావు. సెంటు బాబు చూపు రోడ్డు మీద లేదు, టెంపరేచర్ మీటర్ మీదుంది. ఎనిమిదో కిలోమీటర్. ఒకటిన్నర. టెంపరేచర్ ముల్లు కదల్లేదు. ఇంజన్ హుషారుగా ఈల వేస్తోంది.

"ఏంటి వెతుకుతున్నావు, పొగా?" అన్నాడు డేగ.

సెంటు బాబు చెయ్యి కోటులోకి పోయింది. డేగ స్టీరింగ్ కింద బటన్ నొక్కాడు. పక్క సీటు బెల్టు గిర్రున బిగుసుకుంది. వాడి చెయ్యి పిస్టల్‌తో సహా ఛాతీకి అతుక్కుపోయింది.

"జాబితా ఎక్కడ?" ఇంకోసారి నొక్కాడు.

"స్పేర్... స్పేర్ టైర్లో!"

ముందు నల్లకారు కనిపించింది, దానికెదురుగా గేటు కర్ర పైకి లేస్తోంది. నల్లకారుకీ గేటుకీ మధ్య ముప్ఫై మీటర్లు. డేగ కాలు చివరిదాకా తొక్కాడు. కారు ఎగిరి నల్లకారుని దాటి, పక్కకి జారి, గేటుకి అడ్డంగా ఆగింది. నల్లకారు బ్రేకులు కీచుమన్నాయి. వెనకే వచ్చిన డిపార్ట్‌మెంట్ వ్యాన్ దారి మూసేసింది. స్పేర్ టైర్ కోస్తే పదకొండు ప్రాణాలు ఒక ప్లాస్టిక్ కవర్లో దొరికాయి.

రేడియోలో చీఫ్ గొంతు పొంగిపోయింది. "శభాష్ డేగా! వాడు మనల్నే ముంచుతాడని ఎలా కనిపెట్టావు? రిపోర్ట్‌లో ఏం రాయమంటావు?"

"వృత్తిపరమైన అనుమానం అని రాయండి సార్."

వర్క్‌షాప్ లైన్లోంచి భార్య గొంతు వినబడింది.

"సార్, అందులో మొదటి మాట కొట్టేయండి."