గువ్వలకుంటకు వచ్చిన మార్కులు

ఉపగ్రహం గువ్వలకుంట మీదికి రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. జీపు చివరి మలుపు తిరగ్గానే డాక్టర్ వకుళకు ఊరు కనిపించింది. ఊరంతా తెల్లగా ఉంది. మిద్దెలు, గోడలు, గొర్రెల దొడ్ల చుట్టూ పాతిన బండలు, ఆఖరికి బస్సు ఆగేచోట ఉన్న సిమెంటు దిమ్మె కూడా పదకొండు గంటల ఎండలో కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి.

సర్పంచి సుంకమ్మ ఊరి మొదట్లోనే ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా సున్నం. ఊళ్ళోకి గౌరవించదగ్గవాళ్ళు ఎవరొస్తున్నా ఇళ్ళకు సున్నం కొట్టుకోవడం అక్కడి ఆచారం. పెళ్ళికి కొడతారు, జాతరకు కొడతారు. ఊరు ఉండాలో పోవాలో తేల్చే యంత్రమే వస్తోందంటే కొట్టకుండా ఎలా ఊరుకుంటారు?

"పైనుంచి చూస్తాదని చెప్పినారు కదా మేడం. అందుకే మిద్దెల మీద గూడా రెండు కోట్లు ఏసినాం. మూడు దినాలు ఊరంతా ఇదే పని," అంది సుంకమ్మ సంబరంగా.

ఆ సంబరం వకుళకు అంటలేదు. ఎందుకు అంటలేదో తెలియాలంటే ఆ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి.

దాని పేరు నివాస్. అది ఊళ్ళ కోసం పుట్టింది కాదు. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్లో మన భూమిలాంటిది ఎక్కడైనా ఉందా అని వెతకడానికి వకుళ, ఆమె బృందం తొమ్మిదేళ్ళు కష్టపడి తయారుచేసిన యంత్రం. అంత దూరంలో ఉన్న గ్రహం ఎంత పెద్ద టెలిస్కోప్‌లో చూసినా ఒక చుక్కే. కొండా కనపడదు, నదీ కనపడదు. చేతికి చిక్కేది ఆ చుక్క నుంచి వచ్చే కాస్త వెలుతురు మాత్రమే. ఆ వెలుతురును రంగులుగా విడగొడితే కొన్ని రంగులు తగ్గి ఉంటాయి. కొన్నిటిని నీటి ఆవిరి మింగేస్తుంది, కొన్నిటిని ఆక్సిజన్ మింగేస్తుంది. పచ్చని ఆకులైతే ఎరుపును మింగి, దాని పక్కనే ఉన్న కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి కొడతాయి. ఇవన్నీ లెక్కగట్టి, అక్కడ వేడి ఎంత, తడి ఎంత, పచ్చదనం ఎంత అని చూసి, నివాస్ ఒక మార్కు వేస్తుంది. సున్నాకీ ఒకటికీ మధ్య. మేఘాలు పోగా మిగిలిన తెలుపు ఎక్కువైతే అది మంచుగడ్డో ఉప్పు ఎడారో అనుకుని నిర్దాక్షిణ్యంగా మార్కులు కోసేస్తుంది. గ్రహాల మీద తెలుపంటే ఆ రెండే మరి. అక్కడ ఎవరైనా చుట్టాలొస్తున్నారని సున్నం కొట్టుకుంటారేమో అన్న అనుమానం అంత చదువుకున్న బృందంలో ఒక్కరికీ రాలేదు.

పాస్ మార్కు 0.62. ఇదేమీ ప్రకృతి ఇచ్చిన అంకె కాదు. జాబితాలో నాలుగు వేల గ్రహాలున్నాయి, టెలిస్కోప్‌కు ఏడాదిలో ముప్పైని చూసే తీరికే ఉంది. ముప్పయ్యో గ్రహానికి 0.62 వచ్చింది కాబట్టి వకుళ అక్కడ గీత గీసి టీ తాగడానికి లేచింది. ఆ రోజుల్లో కొందరు శాస్త్రవేత్తలు తాము కనిపెట్టిన గ్రహానికి మార్కులు కాస్త అటూ ఇటూ సర్దుకునేవారు. అది చూసి ఒళ్ళు మండి, యంత్రం వేసిన మార్కును ఎవరూ దిద్దకూడదని నిబంధన రాయించింది కూడా ఆమే. అందరూ మెచ్చుకున్నారు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. మన భూమిని చూపిస్తే నివాస్ ఏమంటుందో పరీక్షించాలని దాని నకలు ఒకటి ఉపగ్రహంలో పెట్టి, రాష్ట్రాన్ని అర కిలోమీటరు గడులుగా విడగొట్టి మార్కులు వేయించి, ఆ మ్యాప్‌ను అందరూ చూసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టారు. అదే కొంప ముంచింది. ఏ కరువు ఊళ్ళకు నీళ్ళు పంపాలి, ఏ ఊళ్ళను ఖాళీ చేయించాలి అని ప్రభుత్వం తలలు పట్టుకున్న ఏడాది అది. వరసగా మూడేళ్ళు 0.62 దాటని ఊరు నివాసానికి పనికిరాదని చట్టం వచ్చింది. అలాంటి ఊరికి పైపు ఉండదు, బడి ఉండదు, బస్సు ఉండదు. మనుషుల్ని కాలనీలకు తరలిస్తారు.

కొన్నేళ్ళు గీత దాటుతూ వచ్చిన గువ్వలకుంటకు, తప్పిన మొదటి ఏడు 0.60, రెండో ఏడు 0.59 వచ్చాయి. ఇవాళ మూడోది. రెండు నెలల క్రితం వకుళ తనంతట తానే ఈ ఊరు వచ్చి, గొర్రెల్ని దూరం తోలుకుపోతే ఊళ్ళో గడ్డి మొలుస్తుందని, వేపచెట్లకు నీళ్ళు పోయమని, చెట్టు కొమ్మ కొట్టొద్దని చెప్పింది. అలా చేస్తే గట్టెక్కవచ్చని ఆశ పెట్టింది. వాళ్ళు తాగే నీళ్ళలో సగం వేపచెట్లకు పోశారు. సున్నం గురించి ఆమె చెప్పలేదు. ఆమెకేం తెలుసు?

ఇప్పుడు ఆ మాట చెప్పక తప్పలేదు. తెలుపు కనపడితే మార్కులు పోతాయని చెప్పగానే సుంకమ్మ తన సున్నపు చేతుల్ని చూసుకుంది. కానీ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. గొంతెత్తి పిలిచింది. గొర్రెలు కాసుకునే కురుబల ఊరు కదా, ఇంటికి రెండు మూడు నల్ల గొంగళ్ళున్నాయి. ఆడా మగా మిద్దెలెక్కి గొంగళ్ళు పరిచారు. వకుళ కూడా చెప్పులు వదిలేసి నిచ్చెన ఎక్కింది. తొంభై మిద్దెల్లో పద్నాలుగు కప్పేసరికి టైమైపోయింది. ఆకాశంలో ఏమీ కనపడలేదు, ఏమీ వినపడలేదు. వకుళ గడియారం చూసుకుని, "అయిపోయింది," అంది.

మధ్యాహ్నానికి మార్కు వచ్చింది. 0.51.

మర్నాడు పొద్దున్నే వకుళ పునరావాస కమిషనర్ భాగ్యనాథ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించాడు, చివరి దాకా విన్నాడు. ఆయన బల్ల మీద ఆ రోజు పేపరు ఉంది. నలభై ఒక్క కాంతి సంవత్సరాల దూరంలో ఒక గ్రహానికి నివాస్ 0.71 వేసిందని, అది నివాసయోగ్యమని, మొదటి పేజీలో వకుళ ఫొటోతో సహా వేశారు.

సున్నం వల్ల మార్కు తగ్గింది కాబట్టి దిద్దమని ఆమె అడిగింది. దిద్దకూడదన్న నిబంధన కింద ఆమె సంతకమే ఉందని ఆయన గుర్తుచేశాడు. పోనీ, పాస్ మార్కు తగ్గించమంది.

"ఎంతకు తగ్గించమంటారు డాక్టరుగారూ?"

"0.50కి."

"ఎందుకు 0.50?"

"గువ్వలకుంటకు 0.51 వచ్చింది కనక."

"0.62కి మాత్రం ఏదో కారణం ఉండే ఉంటుంది కదండీ. అది చెప్పండి, దాన్ని బట్టి నేను పైకి రాస్తాను," అన్నాడాయన నిజంగానే సాయం చేద్దామని.

టెలిస్కోప్‌కు తీరిక లేక అని చెప్పింది వకుళ. ఆయన కలం మూత పెట్టేశాడు. అప్పటికే నూట నలభై ఊళ్ళు ఆ అంకె మీద ఖాళీ అయ్యాయి. వకుళ లేచి వచ్చేసింది.

నెల తిరక్కుండా లారీలు వచ్చాయి. రమ్మని ఎవరూ పిలవకపోయినా, వకుళ ఆ రోజు గువ్వలకుంటలో ఉంది. చేయగలిగింది ఏమీ లేక ఒక ముసలాయన మంచం పట్టె పట్టుకుని లారీ ఎక్కించింది. ఒక్కరూ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు ఎంతగానో అనిపించింది. సుంకమ్మ మాత్రం దగ్గరికొచ్చి, టీవీలో చూపించిన ఆ గ్రహంలో ఎవరుంటారని అడిగింది.

"ఎవరూ లేరు. ఉండటానికి వీలవుతుందేమో అనుకుంటున్నాం, అంతే."

"ఈడ మున్నూట పన్నెండు మందిమి ఉండాం మేడం. మా తాతల కాన్నుంచి ఉండాం. మేం ఉండేది దానికి కనపడలేదా?"

నివాస్‌కు మనుషులు కనపడరు. కనపడేలా చేయాలని ఎవరూ అనుకోలేదు. దూరాన ఉన్న చుక్కలో మనుషుల్ని వెతికే ధైర్యం లేక, మనుషులు ఉండదగ్గ చోటును వెతికే యంత్రం అది. ఇది వకుళ విడమరిచి చెప్పబోయి, సగంలో తనకే సిగ్గేసి ఆపేసింది.

మరుసటి ఏడు వానలు పర్వాలేదనిపించాయి, మిద్దెల మీది సున్నం కొట్టుకుపోయింది. గొర్రెలు లేవు, పొయ్యిలోకి కంపలు కొట్టేవాళ్ళు లేరు. సర్కారు తుమ్మ ఇళ్ళ వాకిళ్ళ దాకా అల్లుకుంది, బోర్లు తోడేవాళ్ళు లేక కుంటలో నీళ్ళు నిలిచాయి. అలవాటు కొద్దీ వకుళ ఆ గడిని తెరిచి చూసింది. గువ్వలకుంటకు 0.66 వచ్చింది. మ్యాప్‌లో ఎర్రగా ఉండేచోట ఇప్పుడు ఆకుపచ్చగా ఉంది. పక్కన చిన్న అక్షరాలతో నివాసయోగ్యం అని రాసి ఉంది.

చూసీ చూడనట్టు ఊరుకుందామనుకుంది. రెండు రోజులు ఊరుకుంది కూడా. మూడో రోజు సాయంత్రం మనసాగక సుంకమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

సుంకమ్మకు మొదట నమ్మకం కలగలేదు. తర్వాత ఊళ్ళోకి ఎవరెవరు తిరిగి వెళ్తారో, అమ్మేయగా మిగిలిన గొర్రెల్ని ఎవరు తోలుకెళ్తారో గడగడా చెప్పేసింది. మధ్యలో ఏదో తట్టి ఆగింది.

"మేం మల్లా పొయ్యి ఆడ కాపురం పెడితే, ఆ మార్కులు అట్లే ఉంటాయా మేడం?"

వకుళ అబద్ధం చెప్పాలనుకుంది. గొర్రెలు, పొయ్యిలు, బోర్లు, మూడువందల పన్నెండు మంది. లెక్క ఆమెకు కంఠతా వచ్చు.

"ఉండవు సుంకమ్మా. తగ్గిపోతాయి."

అవతల బిందెల చప్పుడు వినిపించింది. తర్వాత, కాలనీకి నీళ్ళ ట్యాంకరు వచ్చిందని, ఇప్పుడు బిందె పెట్టకపోతే మళ్ళీ నాలుగు రోజుల దాకా రాదని చెప్పి సుంకమ్మ ఫోన్ పెట్టేసింది. వకుళ మ్యాప్‌లో ఎవరివో చెరకు తోటల మధ్య ఉన్న ఆ కాలనీ గడిని నొక్కి చూసింది. 0.74 అని ఉంది.