కుడి నుంచి మొదటిది

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే టీమ్‌లోని ఒకామెతో బిట్ల గురించి, అంటే కంప్యూటర్ దాచుకునే ఒకట్లూ సున్నాల గురించి, గొడవ పెట్టుకున్నాను.

"బిట్లని ఎడమ నుంచే లెక్కపెట్టాలండీ. మనం చదివేది అటునుంచే కదా!"

"మన ప్రోగ్రామ్‌లో లెక్క కుడి చివర్నుంచే మొదలవుతుందండీ. ఇక్కడ పనిచేయాలంటే అలవాటు చేసుకోండి."

టీమ్ లీడర్ ఆమె వైపే తీర్పు చెప్పాడు. నేను ఆమెకు ‘కుడి మేడమ్’ అని పేరు పెట్టి కసి తీర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి మా కుర్చీలు పక్కపక్కకు చేరాయి. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఆమె మీద నాకు చెప్పలేనంత ఇష్టం. నిజంగానే చెప్పలేకపోయాను.

ఇంతలో వేరే ఊళ్లో కొత్త బ్రాంచి పెడుతున్నామంటూ అందరికీ ఒక ఫారం వచ్చింది. ఎనిమిది ప్రశ్నలు. అవునంటే ఒకటి, కాదంటే సున్నా. మొదటి ప్రశ్న, ‘కొత్త ఊరికి వెళ్తారా?’ జవాబుల్ని బిట్ బిట్‌గా సరిచూసే ప్రోగ్రామ్ నాదే కాబట్టి ఆమెది నా కంట పడింది: 10000000.

మొదట్లోనే ఒకటి! అంటే వెళ్లిపోతోందన్నమాట. వెంటనే, మిగతా ప్రశ్నలు చదవకుండానే, నా ఫారంలోనూ వెళ్తానని పెట్టేశాను. కానీ నాతో ఒక్క మాటైనా అనలేదని మూడు రోజులు మూతి ముడుచుకు కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రం, ఫారం గడువు ఇంకో ఐదు నిమిషాల్లో ముగుస్తుందనగా, ఆమె కుర్చీ నా వైపు తిప్పింది.

"ఏంటి నీ బాధ?"

"చెప్పకుండా వెళ్లిపోతున్నావుగా. మొదటి బిట్ ఒకటి."

"ఎటు నుంచి మొదటిది?"

నాలుక కరుచుకున్నాను. కుడి చివర ఉన్నది సున్నా.

"ఏడాదైనా నీకు బుద్ధి రాలేదు! నేనెక్కడికీ వెళ్లట్లేదు."

"మరి ఎడమ చివర ఒకటి?"

"అది ఎనిమిదో ప్రశ్న. చదువుకో."

‘ఇప్పటి సీట్లోనే, ఇప్పటి పక్కవారితోనే కొనసాగాలని ఉందా?’

తలెత్తేసరికి ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే నా ఫారం గుర్తొచ్చింది.

"కొంప మునిగింది! నేను వెళ్తానని పెట్టేశాను. నీ కోసమే!"

"నా కోసమా?"

"నువ్వంటే ఇష్టం. ఎప్పట్నుంచో. అయ్యో, ఇంకా నాలుగు నిమిషాలే! తర్వాత నా ప్రోగ్రామే నన్ను మార్చనివ్వదు!"

"కబుర్లు తర్వాత. ముందు మార్చు!"

గబగబా కుడి చివరి ఒకటిని సున్నా చేశాను. సేవ్ నొక్కబోతుంటే ఆమె నా చేతిని పక్కకు నెట్టింది.

"ఎనిమిదోది నేను నొక్కుతా."

ఎడమ చివర సున్నా పోయి ఒకటి వచ్చింది. అప్పుడు సేవ్ చేసి, ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం.

"రేపు మా ఇంటికి రా," అంది ఆమె. "అమ్మకి నీ గురించి చెప్పి ఆర్నెల్లయింది."

"ఏమని చెప్పావు?"

"ఎడమేదో కుడేదో తెలీదు గానీ, మంచివాడని."