అత్తయ్య చేతి దాణా

“ఆ పురుగులైనా ఈ ఇంట్లో ఉండాలి, నేనైనా ఉండాలి! తేల్చుకోరా!”

కోడలి చేతిలోని ట్రే చూపిస్తూ కొడుకు మీద కేకేసింది అత్తగారు. అందులో కూరగాయల తొక్కుల మధ్య తెల్లటి పురుగులు మెత్తగా మెసులుతున్నాయి. వాటిని ఎండబెట్టి, పొడి చేసి, నూకల్లో కలిపితే కోళ్లకు మంచి దాణా అవుతుందని మహిళా సంఘం శిక్షణలో నేర్చుకుంది. బజారు దాణా ధర మండిపోతున్న రోజుల్లో నాలుగు కోళ్లున్న ప్రతి ఇల్లూ కొంటుందని ఎంత ఆశపడిందో!

బస్సు డ్రైవరైన భర్త అమ్మ వైపు చూశాడు, ఆలి వైపు చూశాడు. “పెరట్లో ఓ మూలే కదమ్మా...” అని నసిగి, డ్యూటీకి జారుకున్నాడు.

“సరే, పెంచుకో! నా కోళ్లకు మాత్రం ఒక్క పురుగు పెట్టావో, నా మీద ఒట్టే!” అంది అత్తగారు.

పెరటి మూల దోమతెరతో కట్టిన చిన్న గదే ఆ తర్వాత కోడలి లోకమైంది. పొద్దుటి ఎండ లోపలికి జారగానే ఆ పురుగులే పెరిగి మారిన నల్లటి ఈగలు లేచి, వెలుగులో తేలుతూ, ఒకదాన్నొకటి వెతుక్కునేవి. ఆ సన్నటి రెక్కల సవ్వడి వింటూ కూర్చుంటే కళ్లు తెరిచి ఉండగానే కల వచ్చేది... వాకిలి నిండా జనం, చేతుల్లో సంచులు. పక్కనే అత్తయ్య, నవ్వుతూ! ఆ నవ్వు దగ్గరికి రాగానే కల చెదిరిపోయేది. పెళ్లయి వచ్చిన నాడు తన తల నిమిరిన చెయ్యి, ఇప్పుడు మంచినీళ్ల గ్లాసైనా అందుకోవడం లేదు మరి!

ఒకరోజు నిజంగానే జనం వచ్చారు. అందరూ పెరట్లో కోళ్లు పెంచుకుని గుడ్లమ్ముకునేవాళ్లే. దాణాను వేళ్ల మధ్య నలిపారు, వాసన చూశారు.

“గుడ్డు నీచు వాసన రాదు కదా?” అడిగాడు పాలాయన.

“రాదన్నయ్యా.”

“రుచి మారదు కదా?” అంది టైలరు భార్య. “పోనీ, మీ కోళ్లు ఎలా తింటున్నాయి వదినా?”

కోడలు వరండా వైపు ఓసారి చూసి తల దించుకుంది. “మా కోళ్లకు... ఇంకా పెట్టలేదు.”

“మీ ఇంట్లోనే పెట్టనిది మాకెందుకమ్మా?” అంటూ లేచారు. గేటు దగ్గర ఎవరో “వస్తాం పురుగులమ్మా!” అన్నారు. అందరూ గొల్లున నవ్వారు.

వరండాలో కూర్చున్న అత్తగారు ఆ మాటకు ఉలిక్కిపడి లేచింది. “ఆగండి!” అని అరిచింది. గబగబా వచ్చి, బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు దాణా తీసి “బా... బా... బా...” అని పిలుస్తూ చల్లింది. కోళ్లన్నీ రెక్కలార్చుకుంటూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి! “చూశారుగా! ఇక నవ్వండి!”

ఎవరూ నవ్వలేదు. అలాగని ఎవరూ కొననూ లేదు. “గుడ్డు చూశాక వస్తాం పెద్దమ్మా,” అని మెల్లగా వెళ్లిపోయారు.

“అత్తయ్యా, ఒట్టు పెట్టారు కదా... నాకోసం...” కోడలు వెక్కిపడింది.

అత్తగారు తన అరచెయ్యి చూసుకుంటూ అరుగు మీద కూలబడింది. “చిన్నప్పుడు మా ఇంట్లో పురుగుపట్టిన బియ్యమే వండేవాళ్లే. అమ్మ ఏరి ఏరి వండేది. బళ్లో నన్ను అందరూ ఈ పేరుతోనే పిలిచేవాళ్లు... పురుగులమ్మ! నా ఇంట పురుగన్నది కనబడకూడదనుకున్నాను. నీ కష్టం చూడలేకపోయానే తల్లీ!”

కోడలు ఆమె ఒడిలో తల దాచుకుంది. ఆ చెయ్యి మళ్లీ నెమ్మదిగా జుట్టులోకి వచ్చింది... కోళ్లు కాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. ఎండ ఎప్పుడు దిగిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.

కొన్ని వారాలు కోళ్లకు ఆ దాణానే వేశాక, అత్తగారే కబురు పెట్టి టైలరు భార్యనూ, పాలాయననూ పిలిపించింది. వాళ్ల ఎదుటే గుడ్డు ఉడకబెట్టించి, పెంకు ఒలిచి, సగం తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలింది.

“రుచి... మారిందా పెద్దమ్మా?” టైలరు భార్య ముందుకు వంగింది.

అత్తగారు కళ్లు తెరిచి, మొహం చిట్లించి, కోడలి వైపు తిరిగింది.

“ఉప్పేదే?”

టైలరు భార్య ఫక్కున నవ్వి, చంకలో మడిచిపెట్టుకున్న సంచి తీసి విదిలించింది. “ముందు కొంచెం కట్టు వదినా. మా కోళ్లు కూడా తింటే మళ్లీ వస్తాను.” పాలాయన మాత్రం ఇంకా ఆలోచిస్తూ, మిగిలిన సగం గుడ్డు వైపు చెయ్యి చాచాడు.

కోడలు వంటింట్లోకి పరుగెత్తింది. కళ్ల నిండా నీళ్లు... ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా ఎంతకూ కనబడలేదు!