పెద్దోడికి పోయిన మైళ్ళు

పొద్దున్నే వెల్డరు టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. తమ్ముడు కట్టు కట్టిన కాలు సోఫా మీద చాపుకుని టీవీ చూస్తున్నాడు. ఆసుపత్రి పరికరాలు అమ్ముకుంటూ వారానికో విమానం ఎక్కే మనిషి, బైకు మీంచి పడి ఇంట్లో కూలబడ్డాడు. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అప్పుడు చెల్లెలి ఫోను వచ్చింది.

"అన్నయ్యా, మా ఆయన నా చెయ్యి విరిచాడు." మంచినీళ్ళు అడిగినంత మెల్లగా చెప్పింది. "పక్కింటావిడ గదిలో దాక్కున్నా. రాత్రికి వాళ్ళాయన వచ్చేస్తాడు, ఆయన మా ఆయనకి స్నేహితుడే. ఆలోపు నువ్వు రా."

"పోలీసులకి చెప్పావా?"

"వచ్చారు. సంసారమన్నాక సర్దుకోవాలని చెప్పి, ఆయనతో టీ తాగి వెళ్ళారు."

వెనక ఎవరి తలుపో దబదబా బాదుతున్న చప్పుడు. ఫోను ఆగిపోయింది.

చెల్లెలి ఊరికి రైలు ఎక్కితే రెండు రోజులు. మధ్యాహ్నం విమానంలో డబ్బుకి దొరికే సీట్లు అయిపోయాయి, మైళ్ళకి ఇచ్చే సీటు ఒక్కటే మిగిలింది. విమానం ఎక్కినప్పుడల్లా జమయ్యే ఆ మైళ్ళు తమ్ముడి ఖాతాలో గుట్టలుగా ఉన్నాయి. ఓడరేవుల్లో పనికెళ్ళి వచ్చిన వెల్డరు ఖాతాలో చిటికెడు. ఒకరి మైళ్ళతో ఇంకొకరికి టికెట్టివ్వరు గానీ, బదిలీ చేస్తే నిమిషంలో అందుతాయి.

"నా ఖాతాకి పంపరా," అన్నాడు వెల్డరు.

"ఆగన్నయ్యా. మొగుడూ పెళ్ళాల మధ్య మనం దూరితే ఎలా? బావ అలాంటివాడు కాదు. అక్కకే నోరెక్కువ."

టీ గ్లాసు వెళ్ళి గోడకి తగిలి పగిలింది. వెల్డరు తమ్ముడి చొక్కా పట్టి లేపి, ముక్కు మీద గుద్దాడు. తమ్ముడు చంకకర్ర విసురుగా తిప్పితే అన్న కనుబొమ చిట్లింది. వెల్డరు కర్ర లాక్కుని మోకాలి మీద విరిచి, తమ్ముణ్ణి నేలమీద పడేసి, కట్టు కట్టిన కాలి మీద తన కాలు ఆనించాడు.

"చంపుకుంటారా ఏంట్రా?" అమ్మ మధ్యలోకి వచ్చింది. "నా పెద్దోడు ఆడదాని మీద చెయ్యెత్తే మనిషి కాదు. ముందు ఫోను చేసి కనుక్కుందాం."

పెద్దోడంటే ఆవిడ కన్న పెద్దకొడుకు అనుకునేరు. కాదు, అల్లుడు. పెళ్ళినాడు ఆయన సూటూ బూటూ చూసి మురిసిపోయి, "ఇకమీదట ఈ ఇంటికి నువ్వే పెద్దోడివి నాయనా," అంది. అసలు పెద్దోడికి ఆనాటి నుంచి ఇంట్లో కూడా వెల్డరనే పేరు మిగిలింది. అల్లుణ్ణి నెత్తికెక్కించుకుంటే ఏం చేస్తాడు, అక్కడే కాళ్ళు చాపుకుంటాడు.

వెల్డరు కాలు నొక్కాడు. తమ్ముడు కేక పెట్టి ఫోను తీశాడు. ముక్కులోంచి కారే రక్తం అద్దం మీద పడుతుంటే బొటనవేలితో తుడుచుకుంటూ నొక్కాడు. "పంపేశా, కాలు తియ్యి."

వెల్డరు తన ఫోను చూసుకున్నాడు. ఏమీ రాలేదు.

తమ్ముడి ముఖం పాలిపోయింది. పోయినేడు అమ్మ పక్కన కూర్చుని అల్లుడికి కాసిని మైళ్ళు పంపించినప్పుడు, మైళ్ళు పంపాల్సినవాళ్ళ జాబితాలో ఆయనకి ఆవిడ రాయించిన పేరు "పెద్దోడు". దెబ్బల భయంలో వాడికి అన్నయ్య చిన్నప్పటి పేరే గుర్తొచ్చింది. పెద్దోడు కనపడగానే ఉన్న మైళ్ళన్నీ పంపేశాడు.

అంతలో అమ్మ ఫోను మోగింది. అల్లుడి గొంతు గదంతా వినపడింది.

"అత్తయ్యగారూ, మైళ్ళు అందాయండీ. మీ అమ్మాయి ఎక్కడో నక్కింది. దొరకనివ్వండి, రెండో చెయ్యి కూడా విరిచి నేనే తెచ్చి మీకప్పగిస్తా. నా టికెట్టు మీ మైళ్ళతోనే తీస్తాలెండి." నవ్వాడు.

అమ్మ ఫోను కట్టేసి, గోడ మీది పెళ్ళి ఫోటో తీసి నేలకేసి కొట్టింది. గాజుపెంకులు కాళ్ళకి గుచ్చుకున్నా చూసుకోలేదు. "చేతులారా చేశాను. నా బిడ్డని నేనే వాడి నోటికి అందించాను," అని కూలబడి ఏడ్చింది.

కాసేపటికి తనే కళ్ళు తుడుచుకుంది. "అవి వెనక్కి రావా?"

"పోతే పోయినట్టే," అన్నాడు తమ్ముడు. "కానీ మైళ్ళు కొనొచ్చు. రేటు కళ్ళు తిరిగేలా ఉంటుంది గానీ కొన్నవి వెంటనే జమవుతాయి." చొక్కాతో ముక్కు అదుముకుని తన కార్డు తీసి అన్న చేతిలో పెట్టాడు. "నీ ఖాతాలోంచే కొను అన్నయ్యా. నన్ను క్షమించు."

వెల్డరు తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుని, మరో చేత్తో మైళ్ళు కొన్నాడు. జమయ్యాయి. సీటు దొరికింది.

సంచీలో సుత్తి పెడుతుంటే అమ్మ తీసి పక్కన పడేసింది. "విమానంలో దీన్ని రానివ్వరు. నీ చేతులున్నాయిగా."

వెల్డరు గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాడు.

"పెద్దోడా," అంది అమ్మ వెనకనుంచి.

అతను తల తిప్పలేదు. ఆ పేరు తనది కాదని అలవాటైపోయింది.

"నిన్నేరా పెద్దోడా. దాన్ని ఇంటికి తీసుకురా."