ఏడు దగ్గర ఆగండి

ఉదయం ఎనిమిదింటికి గడియారాలాయన వరండాలో చెప్పులు విడిచాడంటే సిస్టరమ్మ పొయ్యి మీది పాలు దింపి చేతులు కడుక్కోవలసిందే. నలభై ఏళ్ళు ఊరందరి గడియారాలు బాగుచేసిన మనిషి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాడు. ఇప్పుడు ఆ చేతులు వణుకుతున్నాయి, సూది తనంతట తాను వేసుకోలేడు. మూడు నెలలుగా రోజూ ఆయనకి ఇన్సులిన్ వేసేది ఆవిడే. ఆసుపత్రిలో నర్సుగా రిటైరై రెండేళ్ళయినా, వీధిలో ఎవరికి సూది వెయ్యాలన్నా ఆవిడ గుమ్మమే ఎక్కుతారు. డబ్బు ఇస్తే పుచ్చుకోదు. పొగిడితే మాత్రం కాదనదు.

సూది వెయ్యడంలో ఆవిడకో పద్ధతి ఉంది. "అటు చూడకండి. కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టండి. ఏడు దగ్గర ఆగి ఊపిరి పీల్చండి. నేనిక్కడే ఉన్నాను కదా." మనిషి ఏడు దగ్గర ఆగగానే సూది దిగుతుంది, పదికొచ్చేసరికి దూది కూడా పెట్టేసి ఉంటుంది. ఇది ఏ డాక్టరూ నేర్పింది కాదు. పిల్లల వార్డులో ముప్పై ఏళ్ళు ఏడుపులు విని విని ఆవిడే కనిపెట్టుకుంది.

ఆ రోజు ఆయన కుర్చీలో కూర్చున్నాడు గానీ చొక్కా చెయ్యి పైకి మడవలేదు.

"ఏంటి బాబాయిగారూ, ఒంట్లో బాలేదా?"

"కంటి ఆపరేషన్ ఇక లేదమ్మా. దానికోసం దాచుకున్నదంతా నిన్న పోయింది."

కంప్యూటర్ కంపెనీ నుంచి అంటూ మధ్యాహ్నం ఫోన్ వచ్చిందట. మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఇక్కణ్ణుంచే తీసేస్తాం అన్నారట. వాళ్ళు చెప్పిన ప్రోగ్రామేదో కంప్యూటర్లో ఎక్కించాడు, తెర మీద వచ్చిన తొమ్మిది అంకెలూ చదివి చెప్పాడు. బ్యాంకు ఖాతా కూడా చూడాలంటే అదీ తెరిచాడు.

"తెర మీద బాణం దానంతట అదే తిరగడం మొదలెట్టిందమ్మా. మనిషి కనబడకుండా నా బల్ల దగ్గర ఎవరో కూర్చుని పని చేసుకుంటున్నట్టు. అంతలో తెర నల్లబడింది. భయమేసి ఫోన్ పెట్టేయబోయాను."

"మరి పెట్టేయలేదేం?"

"ఆ అబ్బాయి అన్నాడూ, కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టండి, ఏడు దగ్గర ఆగి ఊపిరి పీల్చండి, నేనిక్కడే ఉన్నాను కదా అని. గొంతు మగపిల్లాడిది. మాటలు మాత్రం మీవే సిస్టరమ్మా. అవి వినగానే ధైర్యమొచ్చింది. లెక్కపెట్టాను."

ఆ పూట సిస్టరమ్మ లెక్కపెట్టమనకుండానే సూది వేసింది. ఆయన ఉలిక్కిపడి కూడా ఏమీ అనలేదు. అదే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది.

ఆయన వెళ్ళాక దూదీ సూదీ తీసి పెట్టి కూర్చుంది. ఎనిమిది నెలల కిందట, కూతురు కొత్తగా ఉద్యోగంలో చేరిన వారం, అన్నం ముందు కూర్చుని అన్న మాట గుర్తొచ్చింది. "పెద్దవాళ్ళు కంగారుపడి ఫోన్ పెట్టేస్తున్నారమ్మా, వాళ్ళ కంప్యూటర్ ఎలా బాగుచెయ్యను?" దానికి తనే ఎంతో సంబరంగా, చెయ్యి పట్టుకుని మరీ ఆ నాలుగు మాటలూ నేర్పింది.

ఆ పగలు గడవడం ఎంత కష్టమైందో ఆవిడకే తెలియాలి. కుక్కర్ కూతలు లెక్కపెట్టబోయి మూడు దగ్గర ఆపేసింది. వీధిలో పిల్లలు దాగుడుమూతలాడుతూ ఒకటీ రెండూ అని అరుస్తుంటే లేచి కిటికీ వేసింది. వేసినా వినబడుతూనే ఉంది. ఇప్పుడు, ఈ నిమిషంలో, ఎన్ని ఇళ్ళలో ఎంతమంది కళ్ళు మూసుకుని ఉన్నారో. పక్కన ఉన్నానని చెప్పింది తన మాటే, పక్కన మాత్రం ఎవరూ లేరు.

సాయంత్రం ఆరింటికి కూతురు వచ్చింది. భుజాన సంచీ ఇంకా దించలేదు.

"మీ ఆఫీసులో ఏం చేస్తారే?"

"తెలిసిందే కదమ్మా. కంప్యూటర్లు బాగుచేస్తాం."

"బాగున్నవాటిని కూడానా?"

కూతురు సంచీ దించబోయి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"కాదని ఒక్క మాట అంటావేమోనని పొద్దుణ్ణుంచీ కాచుకు కూర్చున్నాను. అదీ అనవన్నమాట."

గడియారాలాయన సంగతి తల్లి చెబుతుంటే కూతురు గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుంది. ఆయన వచ్చే వేళకి తను ఎప్పుడూ ఇంట్లో ఉండదు, ఒక్కసారి కూడా చూడలేదు.

"ఆయనకి ఫోన్ చేసింది నేను కాదమ్మా. కానీ ఆ మాటలు నేను చెప్పగా విని మేనేజర్ మెచ్చుకున్నాడు. టైపు చేయించి ప్రతి బల్ల మీదా అంటించాడు. ఇరవై మందిమి రోజంతా అవే చెబుతాం."

"ఇది మోసమని ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండో నెలలో. మానేద్దామనుకున్నా. ఆ వారమే నువ్వు వీధంతా చెప్పుకొచ్చావు, మా అమ్మాయి పెద్దవాళ్ళకి సాయం చేసే ఉద్యోగమని. నీ ముఖం చూసి చెప్పలేకపోయా." సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "అది వంకేనని నాకూ తెలుసులే."

కొడదామని లేచింది తల్లి. కూతురు తప్పుకోలేదు. తల వంచుకుని, ఎప్పట్నుంచో లోపల దాచుకున్నది బయటపెట్టింది.

"పోయిన నెల ఒకావిడ. ఆవిడ డబ్బు లాగేసుకోవడం అయిపోయింది, నేను ఫోన్ పెట్టేయాలి. ఆవిడ కళ్ళు తెరవలేదనుకుంటా. పదయ్యాక పదకొండు, పన్నెండు అంటూనే ఉంది. మధ్యలో 'అమ్మాయ్, ఉన్నావా, ఆపనా' అని అడిగింది. నోరు పెగల్లేదమ్మా నాకు. నలభై మూడు దాకా విన్నాను, అప్పుడు మేనేజర్ వచ్చి లైను తీసేశాడు. బస్సెక్కినా, స్నానానికెళ్ళినా ఆవిడే వినబడుతోంది. ఇంకా లెక్కపెడుతూనే ఉంది."

ఎత్తిన చెయ్యి కూతురి తల మీద పడింది గానీ, కొట్టడానికి కాదు. ఇద్దరూ ఆ నేల మీదే కూర్చుండిపోయారు. ఆ పూట పొయ్యి వెలగలేదు.

మర్నాడు కూతురు ఆఫీసుకి వెళ్ళలేదు. ఎనిమిదింటికి తలుపు తనే తీసి, ఆయన్ని కూర్చోబెట్టి, నిలబడే అంతా చెప్పింది. సిస్టరమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని వింటూ ఉంది.

"ఆ అబ్బాయి పేరు తెలుసా నీకు?" అన్నాడు చివరికి.

"తెలుసండీ. అందరి పేర్లూ తెలుసు. ఫోన్ నంబర్ల కాగితాలు ఏ బీరువాలో ఉంటాయో కూడా. ఇప్పుడే పోలీసుల దగ్గరికి బయలుదేరుతున్నాను."

"నిన్నూ పట్టుకుంటారు."

"పట్టుకోనివ్వండి."

"నిన్ను క్షమించానని అనుకోకు. అంత పెద్ద మనసు ఇవాళ నాకు లేదు. కానీ ఒక్కదానివీ వెళ్ళొద్దు, నేనూ వస్తాను." అని ఆయన లేవబోయి, మళ్ళీ కూర్చుని, చొక్కా చెయ్యి మడిచాడు. "ముందు ఈ పని కానివ్వండి సిస్టరమ్మా."

పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఒక నడివయసు ఆవిడ. ముగ్గుర్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టుకుని, కూతురు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయింది. పేర్లు, అడ్రసు, ఎవరు ఎన్ని గంటలు చేస్తారో అన్నీ. ఫోన్లో చెప్పే మాటల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపింది.

"ఈ లెక్కపెట్టించడం ఎవరి ఆలోచన? మేనేజర్‌దా?"

"కాదండీ. నేనే చెప్పాను అతనికి."

"నీకెవరు నేర్పారు?"

కూతురు తల దించుకుంది. ఆ ఒక్క పేరూ చెప్పనని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నట్టుంది, పెదవులు బిగించి కూర్చుంది.

సిస్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"నేనండీ. వాళ్ళమ్మని."

"మీరు నేర్పింది దీనికోసం కాదు కదమ్మా," అన్నాడు గడియారాలాయన పక్కనుంచి.

"కాదు బాబాయిగారూ. అయినా ఆ మాట నమ్మే కదా మీరు కళ్ళు మూసుకున్నారు." ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "నా పేరు కూడా రాసుకోండి మేడమ్."

కూతురు అప్పుడు, అంతమంది ముందు, తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ కాగితం తిప్పి, రాయడం మొదలుపెట్టింది.